పొడపత్రి పొడికి నాలుగు స్టార్లు, క్యాప్సూల్స్‌కి రెండు

ఒకే కంపెనీ, ఒకే ఆకు, ఒకే పార్సిల్‌లో వచ్చిన రెండు డబ్బాలు. ఒకదానికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, రెండోదానికి రెండు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి. ఓపిక లేనివాళ్లకి ముందే ఒక ముక్క: పొడపత్రి నాలుక మీద చేసే పని, అంటే తీపి తెలియకుండా చేయడం, అక్షరాలా నిజం, అయిదు నిమిషాల్లో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రక్తంలో చక్కెర మీద చేసే పని గురించి డబ్బా మీద రాసిందంతా మాత్రం అంత తేలిగ్గా నమ్మేది కాదు.

నా గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే ఈవిడకి ఇంత చాదస్తం ఏమిటనుకుంటారు. ఇరవై రెండేళ్లు మందుల తయారీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేశాను. ఏ డబ్బా చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి బ్యాచ్ నంబరు చూడటం, మూత తీసి వాసన చూడటం అలవాటైపోయింది. మా నాన్నకి డెబ్బై నాలుగేళ్లు, షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. నాకు పోయినసారి పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల చక్కెర సగటు చెప్పే అంకె, 6.1 వచ్చింది. 6.5 వస్తే షుగర్ ఉన్నట్టే లెక్క కాబట్టి, ఇంకా అటు పోలేదు గానీ గుమ్మంలో నిలబడ్డాను. సాయంత్రం నాలుగైతే చాలు, చెయ్యి దానంతటదే సొరుగులోని చాక్లెట్ దగ్గరికి వెళ్తుంది. ఇంట్లో నాన్న కోసం కొన్నానని చెప్పాను. నిజానికి కొన్నది నా కోసమే.

ముందు పొడి సంగతి. జిప్ ఉన్న మందపాటి సంచి, లోపల వెండిరంగు పూత, తేమ రాకుండా చిన్న సిలికా పొట్లం. బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు మూడూ చెరగకుండా ఉన్నాయి. వెనకాల "ఆకు మాత్రమే" అని రాశారు. ఇది ముఖ్యం, ఎందుకో తర్వాత చెప్తాను. రంగు పచ్చిగా మెరిసే ఆకుపచ్చ కాదు, ఎండిన గడ్డి రంగుకి దగ్గర. అదే మంచిది. ఎండిన ఆకు పొడి చిలకపచ్చగా ఉంటే నాకు అనుమానం. పదింతలు పెద్దది చేసి చూపించే పాత భూతద్దం ఒకటి ఉంది నా దగ్గర. దాంట్లో చూస్తే సన్నటి నూగు కనిపించింది. పొడపత్రి ఆకు మీద మెత్తటి నూగు ఉంటుంది కాబట్టి అది ఉండాల్సిందే. పుల్లల ముక్కలు, పీచు దాదాపు లేవు. వాసన ఏమంత గొప్పగా ఉండదు, పాత పుస్తకం తెరిచినట్టు.

ఇక పరీక్ష. అర చెంచా పొడి నాలుక మీద వేసుకుని, లాలాజలంతో కలిపి, నోరంతా తిప్పి, రెండు నిమిషాలు ఉంచుకుని ఉమ్మేశాను. రుచి కాస్త చేదు, కాస్త వగరు, వేపంత భయపెట్టదు. నీళ్లతో ఒకసారి పుక్కిలించి చెంచాడు పంచదార నోట్లో వేసుకున్నాను.

ఇసుక. వేరే మాట దొరకడం లేదు. పలుకులు పంటి కింద కరకరలాడుతున్నాయి, కరుగుతున్నాయి, నోరు ఊరుతోంది కూడా, కానీ తీపి అన్నదే లేదు. తగ్గడం కాదు, లేనే లేదు. తినేది పంచదారేనని మెదడుకి తెలుసు, నాలుక మాత్రం ఒప్పుకోదు. ఈ విషయం పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, నోట్లో జరిగేసరికి నవ్వొచ్చింది, కొంచెం గాభరా కూడా వేసింది. తర్వాత తేనె నాకాను. వేడి జిగురులా నాలుకకి అంటుకుంది, గొంతులో కాస్త ఘాటు తగిలింది, అంతే. అరటిపండు ముక్కలో మెత్తదనం, పులుపు, వగరు మిగిలాయి. చాక్లెట్ కొవ్వొత్తి కొరికినట్టుంది, వెనకాలే కోకో చేదు. ఉప్పు ఉప్పులాగే ఉంది, నిమ్మరసం నిమ్మరసంలాగే ఉంది. చక్కెర బదులు వేసుకునే మాత్ర ఒకటి నీళ్లలో కలిపి తాగాను, అదీ ఉత్త నీళ్లే. స్టీవియా కూడా అంతే. అంటే ఈ ఆకుకి పంచదార మీద పగ లేదు, తీపి అనే తలుపు మీదే తాళం వేస్తోంది.

గడియారం పెట్టుకుని చూశాను. ఇరవై అయిదో నిమిషానికి నాలుక కొసన తీపి లీలగా తగిలింది. ముప్పై ఎనిమిదో నిమిషానికి మామూలైపోయింది. రెండోరోజు నలభై రెండు నిమిషాలు పట్టింది. అరగంట నుంచి గంట దాకా అని పరిశోధనల్లో రాసేదానికి ఇది సరిగ్గా సరిపోయింది. నాలుగు స్టార్లు ఇక్కడే పడ్డాయి.

దీని వెనక ఉన్న కథ నాకు చాలా ఇష్టం. హిందీలో ఈ తీగని గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని. మన వైద్యుల పుస్తకాల్లో మధునాశిని, మేషశృంగి అనే పేర్లున్నాయి. రెండోది జంటగా కాసే కాయల్ని చూసి పెట్టింది, పొట్టేలు కొమ్ముల్లా ఉంటాయి. నమిలితే తీపి తెలియదన్న సంగతి పేర్లలోనే ఉంది కదా, కానీ ఇంగ్లీషు పత్రికలకి ఎక్కింది 1847లో, ఎడ్జ్‌వర్త్ అనే అధికారి వల్ల. నలభై ఏళ్లకి, 1887లో, ఊటీలో మలేరియా మందు తీసే సింకోనా బెరడు మీద పరీక్షలు చేసే డేవిడ్ హూపర్ ఈ ఆకుని పట్టుకున్నాడు. అందులోంచి ఒక ఆమ్లాన్ని వేరు చేసి జిమ్నెమిక్ ఆమ్లం అని పేరు పెట్టి, నేచర్ పత్రికలో రాశాడు. అప్పట్లో హెచ్‌పీఎల్‌సీలు, అంటే కలిసున్న పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రాలు, లేవు, సీసాలు, ఆమ్లాలు, త్రాసు, నాలుక, అంతే. మలేరియా మందు కోసం వెళ్లినవాడు చక్కెర గుట్టు రాయడం మా ల్యాబ్ వాళ్లకి మహా ఆనందంగా ఉంటుంది. ఏ పరీక్షలోనైనా అడిగినదానికంటే అడగని జవాబే బాగుంటుందని మేమంతా లోలోపల నమ్ముతాం.

అయితే హూపర్ ఒకటి అనుకున్నది ఒకటి కాదు. జిమ్నెమిక్ ఆమ్లం అంటే ఒక పెద్ద కుటుంబం, ఒకే పోలిక ఉన్న బోలెడన్ని అణువులు. అన్నిటికీ నడుము ఒకటే: జిమ్నెమాజెనిన్ అనే ట్రైటెర్పీన్ జాతి అణువు. దానికి ఒక చివర చక్కెరకి చుట్టమైన గ్లూకురానిక్ ఆమ్లం తగిలి ఉంటుంది, ఇంకో పక్క చిన్నచిన్న ఎస్టర్ తోకలు. తోకలు తీసేసి ఉత్త నడుము నాలుక మీద పెడితే తీపి పోదు. నీళ్లని ఇష్టపడే భాగం, కొవ్వుని ఇష్టపడే భాగం ఒకే అణువులో ఉన్నాయి కాబట్టి ఇవి సపోనిన్లు, అంటే కుంకుడుకాయ జాతి. అది చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. చెంచాడు పొడి వేడినీళ్లలో వేసి, చల్లారాక గుడ్డలో వడగట్టి, మూతున్న గాజు సీసాలో సగం పోసి నిమిషంపాటు గట్టిగా ఊపాను. వేలెడు మందాన నురగ లేచింది. ఫోన్ వచ్చి మాట్లాడి తిరిగొచ్చేసరికి పావుగంట దాటింది, అప్పటికీ నురగ కూర్చునే ఉంది. ఈ నురగని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

నాలుక మీద ఏం జరుగుతుందో ఇప్పుడు బాగానే తెలుసు. తీపిని పట్టే గ్రాహకం రెండు ప్రొటీన్ల జంట, టీ1ఆర్2, టీ1ఆర్3. జిమ్నెమిక్ ఆమ్లాలు వెళ్లి రెండోదానిలో, కణపొరలో పాతుకుని ఉన్న భాగాన్ని పట్టుకుంటాయి. గామా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే ఉంగరంలాంటి పిండిపదార్థంతో పుక్కిలిస్తే ఆ ఆమ్లాల్ని అది తన ఉంగరంలోకి లాగేసుకుంటుంది, తీపి వెంటనే తిరిగొస్తుంది. ల్యాబ్‌లో ఉన్న రోజుల్లో ఆ సీసా అలమారలో ఉండేది, అప్పుడు ఈ ఆకు నా చేతిలో లేదు. ఇప్పుడు ఆకు ఉంది, సీసా లేదు.

ఇంకో సంగతి. ఈ ఆకులోనే గుర్మారిన్ అనే చిన్న ప్రొటీన్ ఉంది, 35 అమైనో ఆమ్లాల గొలుసు. అది ఎలుకల నాలుక మీద తీపిని బాగా అణిచేస్తుంది, మన మీద దాదాపు పనిచేయదు. జిమ్నెమిక్ ఆమ్లాలు తద్విరుద్ధం, మనుషుల మీద, చింపాంజీల మీద బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఎలుకల మీద చేయవు. ఒకే ఆకు, రెండు నాలుకలకి రెండు వేర్వేరు తాళాలు. "ఎలుకల్లో రుజువైంది" అని డబ్బాల మీద పెద్దక్షరాలతో రాసేవాళ్లకి ఈ పేరా అంకితం. అసలు ఈ మొక్క ఇవన్నీ మన కోసం చేసుకోలేదు లెండి. ఆకు తినే గొంగళిపురుగులకి జిమ్నెమిక్ ఆమ్లాలు పడవని 1974లోనే పరిశోధకులు చూపించారు. పురుగుని తరమడానికి పెట్టుకున్న కంచె మన సొరుగులోని చాక్లెట్‌కి అడ్డం వచ్చింది.

"ఆకు మాత్రమే" అన్నమాట ముఖ్యం అన్నాను కదా. పోల్చి చూడటానికి వేరే అమ్మకందారు దగ్గర ఇంకో పొడి తెప్పించాను. సంచి అందంగా ఉంది, మీద ఆకుల బొమ్మ, ధ్యానం చేస్తున్న ఆవిడ బొమ్మ కూడా. భూతద్దం కింద చూస్తే సగం పీచు. కాండం కూడా కలిపి ఆడించినట్టుంది. అదే అర చెంచా, అవే రెండు నిమిషాలు, అదే పంచదార. తీపి తగ్గింది గానీ పోలేదు, పన్నెండు నిమిషాల్లో పూర్తిగా వచ్చేసింది. సీసాలో ఊపితే నురగ వచ్చినట్టే వచ్చి కూర్చుండిపోయింది. పాతదో, పుల్లలతో కల్తీయో నేను తేల్చలేను గానీ, ఇలాంటి పొడి ఏది కొన్నా ముందు నాలుకతో ఒకసారి తూకం వేయండి. వేల రకాల మూలికల పొడులున్నాయి. అందులో సరుకు ఉందో లేదో కొన్నవాళ్లే నోట్లో వేసుకుని చెప్పగలిగినవి ఎన్ని? అశ్వగంధ పొడి మంచిదో కాదో నా నాలుక చెప్పలేదు. పొడపత్రి దగ్గర ఆ సదుపాయం ఉంది.

ఇప్పుడు క్యాప్సూల్స్. డబ్బా మీద ఒక్కో క్యాప్సూల్‌లో 400 మిల్లీగ్రాముల ఆకు సారం, అందులో జిమ్నెమిక్ ఆమ్లాలు 25 శాతం అని ఉంది. బావుంది. అంటే లెక్క ప్రకారం క్యాప్సూల్‌కి 100 మిల్లీగ్రాములు. ఎండు ఆకులో అవి ఉండేది కొద్ది శాతమే కాబట్టి, నేను వాడిన అర చెంచా పొడికంటే ఒక్క క్యాప్సూల్‌లో చాలా ఎక్కువ ఉండాలి. విప్పి నాలుక మీద పోసుకున్నాను. లోపల సారం ముదురు గోధుమరంగులో, తేమ తగిలి చిన్న ముద్దలు కట్టి ఉంది. తీపి పోయింది, నిజమే. కానీ పంతొమ్మిది నిమిషాలే. మూడుసార్లు చేశాను, ఒక్కసారి కూడా ఇరవై అయిదు దాటలేదు. నాలుక హెచ్‌పీఎల్‌సీ కాదని నాకూ తెలుసు. కానీ 25 శాతం ఉన్నది ఉత్త ఆకు ముందు ఓడిపోతే అడగాలనిపిస్తుందా, లేదా?

అడిగాను. కస్టమర్ కేర్ అబ్బాయి మర్యాదస్తుడు. "మేడమ్, మా ప్రాడక్ట్ హండ్రెడ్ పర్సెంట్ నేచురల్" అన్నాడు. బాబూ, నేను అడిగింది 25 గురించి, 100 గురించి కాదు అన్నాను. ఆ బ్యాచ్ విశ్లేషణ పత్రం పంపమన్నాను. తొమ్మిదో రోజున ఒక ఫోటో వచ్చింది, సగం నీడ పడి. "జిమ్నెమిక్ ఆమ్లాలు: 25.8 శాతం. పద్ధతి: గ్రావిమెట్రీ."

అక్కడే దొరికింది. తెలియనివాళ్ల కోసం చెప్తాను, ఈ వ్యాపారంలో అసలు కిటుకు ఇదే. గ్రావిమెట్రీ అంటే సారాన్ని ద్రావణం చేసి, ఆమ్లం పోసి, అడుగున దిగిన ముద్దని కడిగి, ఆరబెట్టి తూచడం. దిగినదంతా జిమ్నెమిక్ ఆమ్లమేనని లెక్క. కానీ ఆ ముద్దతో పాటు ఇతర సపోనిన్లు, రంగులు, రెసిన్ లాంటివి కూడా దిగుతాయి. త్రాసుకి పేర్లు తెలియవు, బరువే తెలుసు. హెచ్‌పీఎల్‌సీ పద్ధతి వేరు. ఆమ్లాల్ని విడగొట్టి, నడుముగా ఉన్న జిమ్నెమాజెనిన్‌ని విడిగా పట్టుకుని కొలుస్తారు. అదే సారం గ్రావిమెట్రీలో 25 చూపించి హెచ్‌పీఎల్‌సీలో అందులో చిన్న భాగమే చూపించవచ్చు. రెండూ అబద్ధాలు కావు, రెండు వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. కొనేవాళ్లకి మాత్రం ఏ ప్రశ్న అడిగారో చెప్పరు. డబ్బా మీద శాతం పక్కన పద్ధతి పేరు లేకపోతే ఆ అంకె అలంకారం కిందే లెక్క. ఒక స్టారు దీనికి కోత.

ఇంకో స్టారు దేనికంటే, క్యాప్సూల్ అన్న ఆకారానికే. ఈ ఆకు నిస్సందేహంగా చేసి చూపించే పని ఒకటే, నాలుక మీద. దాన్ని జెలటిన్ గొట్టంలో పెట్టి నాలుకకి తగలకుండా మింగిస్తే ఆ పని గల్లంతు. మిగిలింది రక్తంలో చక్కెర వాదన. ఆ వాదనకి డబ్బా మీద రాసింది: "ప్యాంక్రియాస్‌ని పునరుజ్జీవింపజేస్తుంది." ఈ ఒక్క వాక్యానికి మూడో స్టారు కోత.

ఈ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మద్రాసు విశ్వవిద్యాలయంలో షణ్ముగసుందరం బృందం జీఎస్4 అనే ఆకు సారంతో చేసిన పనులు 1990లో వచ్చాయి. మందిచ్చి షుగర్ తెప్పించిన ఎలుకల ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణాల గుంపులు మళ్లీ పెరిగాయని ఒక పత్రం. పెరిగింది ఎలుకల్లో. మనుషుల మీద పని వేరే: టైప్ 2 ఉన్న 22 మందికి మామూలు మాత్రలతో పాటు రోజుకి 400 మిల్లీగ్రాముల సారం, 18 నుంచి 20 నెలలు. చక్కెర తగ్గింది, మాత్రల మోతాదు తగ్గించగలిగారు, అయిదుగురు మాత్రలు పూర్తిగా మానగలిగారు. ఇన్సులిన్ మీద ఉన్న 27 మందితో ఇంకో పరిశీలన. వినడానికి ఎంతో బాగుంది, నేనూ మొదటిసారి చదివినప్పుడు ఎగిరి గంతేశాను. తర్వాత క్వాలిటీ కంట్రోల్ బుర్ర పనిచేసింది. మనుషులు తక్కువ. ఎవరికి ఏది ఇస్తున్నారో డాక్టరుకీ రోగికీ తెలియకుండా, మందు లేని ఉత్త మాత్రతో పోల్చి చేసింది కాదు. అలా జాగ్రత్తగా, పెద్దసంఖ్యలో చేసిన పరీక్షలు ఈనాటికీ సరిపడా లేవు. ఆశ పెట్టుకోవచ్చు, డబ్బా మీద అచ్చు వేయకూడదు.

ఇక నురగ దగ్గరికి వద్దాం. 1999లో వచ్చిన ఒక పని నన్ను బాగా ఆపేసింది. ల్యాబ్‌లో గాజుగిన్నెలో పొడపత్రి సారం తగిలిస్తే ఇన్సులిన్ కణాలు ఇన్సులిన్ వదిలాయి. సంతోషమే. కానీ ఎలా వదిలాయి? కణం పొర జల్లెడై, లోపలిది బయటికి కారడం వల్లేనని తేలింది. సపోనిన్లు కణపొరలకి చిల్లులు పెట్టగలవని మా రంగంలో అందరికీ తెలుసు. సీసాలో నురగ లేపిన గుణం, గాజుగిన్నెలో ఇన్సులిన్ కార్పించిన గుణం అక్కాచెల్లెళ్లే. కడుపులోకి వెళ్లాక ఆ మోతాదు ఆ కణం దాకా చేరుతుందా అన్నది వేరే లెక్క. కానీ "ఇన్సులిన్ విడుదలని పెంచుతుంది" అని లేబుల్ మీద చూసినప్పుడల్లా నాకు ఆ నురగే కళ్లముందు కనిపిస్తుంది.

నాన్న సంగతి చెప్పకుండా ఈ రివ్యూ పూర్తవదు. తప్పు కంపెనీది కాదు, నాదీ నాన్నదీ సగం సగం. పొడి సంచి వంటగది అరలో పెట్టాను. నాన్న దాని వెనక రాసింది చదివి, నాతో చెప్పకుండా రోజుకి మూడు పూటలా అర చెంచా మొదలుపెట్టారు. ఆయన వేసుకునే షుగర్ మాత్రలు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఆ రోజు మధ్యాహ్నం ఆకలిగా లేదని రెండు ముద్దలు తిని లేచారు. సాయంత్రం ఆరున్నరకి కుర్చీలో కూర్చున్న మనిషి చొక్కా తడిసిపోయింది, చేతివేళ్లు వణుకుతున్నాయి. మీటర్ పెడితే 58. గ్లూకోజ్ పొడి మూడు చెంచాలు నీళ్లలో కలిపి గ్లాసు నోటికి పెట్టాను. రెండు గుటకలు వేసి పక్కకి తోసేశారు.

"ఉత్త నీళ్లు ఇచ్చావేంటమ్మడూ?"

కలపడం మర్చిపోయానేమోనని నేను ఒక గుక్క తాగి చూశాను. పాకంలా ఉంది. అప్పుడు కనిపించింది, బల్ల మీద పొడి సంచి తెరిచి, పక్కన చెంచా. ఒళ్లు తూలుతోందని, షుగర్ పెరిగిందేమో అనుకుని, పది నిమిషాల ముందే పొడి నాలుక మీద వేసుకున్నారట. "తీపే నాన్నా, నీ నాలుక చెప్పడం లేదు, తాగు" అని బతిమాలి, కోప్పడి తాగించాను. పావుగంటకి 79. ఏదో కొంచెం తినిపించాక గంటకి 112. తీపి తెలియకపోయినా గ్లూకోజ్ తన పని తాను చేసుకుపోయింది, రక్తానికి రుచితో పని లేదు కదా. ఆ పావుగంట మాత్రం నాకు మళ్లీ వద్దు.

పొడి వల్లే 58కి పడిందని నేను అనను. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం ఎగ్గొడితే పొడి లేకపోయినా పడొచ్చు. తోడు పొడి కూడా ఏమైనా చేసిందేమో ఒక్క సాయంత్రాన్ని పట్టుకుని చెప్పలేం. కానీ చక్కెర పడిపోయిన మనిషికి తీపి తెలియని నాలుక ఉండటం ఎంత ప్రమాదమో ఆ రోజు చూశాను. ఏ లేబుల్ మీదా ఈ హెచ్చరిక లేదు. మర్నాడు డాక్టరమ్మకి సంచి చూపించాం. ఇన్సులిన్‌తో గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలతో గానీ దీన్ని సొంతంగా కలపొద్దని, ఆపరేషన్ ఏదైనా ఉంటే రెండు వారాల ముందే ఆపేయాలని ఆవిడ చెప్పారు. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇది సురక్షితమని చెప్పడానికి ఆధారాలు లేవు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు కూడా ఆలోచించాలి: ఈ ఆకు వాడిన ఒక షుగర్ రోగికి లివర్ వాపు వచ్చిందని 2010లో ఒక వైద్యపత్రికలో నమోదైంది. ఒక్క మనిషి కథే, కానీ "సహజం కాబట్టి హాని లేదు" అనే వాక్యాన్ని కొట్టేయడానికి చాలు. నాన్న పొడి మానేశారు. సంచి ఇప్పుడు నా బీరువాలో ఉంటుంది.

నా చాక్లెట్ ఏమైంది అంటారా? మొదటి వారం అద్భుతం. నాలుగింటికి చిటికెడు నాలుక మీద, అంతే, చాక్లెట్ కొవ్వొత్తి. ఒక ముక్క కొరికి, ముఖం చిట్లించి, మళ్లీ కాగితంలో చుట్టి పెట్టేశాను. రోజూ నాలుగు ముక్కలు తినేదాన్ని ఆ వారం మొత్తమ్మీద మూడు తిన్నాను. రెండో వారంలోనూ పర్వాలేదు. మూడో వారానికి నా బుర్ర తెలివిమీరింది. చాక్లెట్ తినాలని గట్టిగా అనిపించిన రోజు పొడి జోలికి పోవడం మానేసింది. తాళం చెవి నా చేతిలోనే ఉంటే ఇంక తాళం ఎందుకు? ఇప్పుడు చేసే పని వేరు. కోరిక పుట్టే టైముకి అరగంట ముందే, మూడున్నరకే, ఫోన్‌లో అలారం మోగగానే వేసుకుంటాను. అప్పటికి ఇంకా ఆశ పుట్టి ఉండదు కాబట్టి బేరాలు ఉండవు. వారానికి నాలుగైదు రోజులు సాగుతోంది. హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోవడానికి ఇంకా నెల ఉంది. అది తగ్గినా ఆకు ఘనత ఎంతో, తినని చాక్లెట్ ఘనత ఎంతో విడదీయడం నా వల్ల కాదు.

కొనాలనుకునేవాళ్లకి ఇంకొకటి. పొడి వేసుకున్న ముప్పావుగంట దాకా తియ్యటి టీ, కాఫీ లాంటివి పెట్టుకోకండి, వేడినీళ్లలో చేదు కలిపి తాగినట్టుంటుంది. ఇంటికి ఎవరైనా వచ్చే టైములో అసలే వద్దు. మొన్న ఒకావిడ ప్రేమగా చేసి తెచ్చిన తీపిని నమిలి "బావుంది" అని ముఖానికి నవ్వు అతికించుకున్నాను. బావుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ రివ్యూ చిన్నదిగా మొదట పెట్టినప్పుడు కంపెనీ వాళ్లు మెసేజ్ చేశారు. క్యాప్సూల్స్‌కి అయిదు స్టార్లు చేస్తే ఇంకో డబ్బా ఉచితంగా పంపుతామని. డబ్బా వద్దు, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు పంపండి, మూడో స్టారు నేనే వేస్తాను అని జవాబిచ్చాను. పదకొండు రోజులైంది. బ్లూ టిక్కులు పడ్డాయి.